షికాగోలో ఒక్కరోజు: పాత థియేటర్లలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

ఎండాకాలం వచ్చిందంటే షికాగో శివార్లలో నేపర్‌విల్, అరోరా వైపు ఉండే తెలుగిళ్లలో ఒకటే వరస. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు, నిద్ర సర్దుకునేదాకా ఇల్లూ అరోరా బాలాజీ గుడీ, ఆ తర్వాత ఒక శనివారం డౌన్‌టౌన్. బీన్ అనే మెరిసే ఉక్కు శిల్పం ముందు ఫోటో, విల్లిస్ టవర్ ఎక్కి కిందికి చూడటం, లేక్ ఒడ్డున ఐస్‌క్రీమ్, చీకటి పడకముందే ఇంటికి. నేనూ చాలా ఏళ్లు ఇదే చేశాను. దారిలో స్టేట్ స్ట్రీట్ మీద షికాగో థియేటర్ ఎర్రబోర్డు కనపడితే దాని కింద అందర్నీ నిలబెట్టి ఫోటో తీసి, "ఇది చాలా పాత థియేటరండీ" అని ఒక ముక్క చెప్పి ముందుకు నడిపించేసేవాణ్ణి. లోపల ఏముందో నాకే తెలీదు.

రెండేళ్ల కిందట మా మామయ్య వచ్చాడు. తెనాలి మనిషి, చిన్నప్పటి నుంచీ పద్యనాటకాల పిచ్చి. ఫోటోకి నిలబడమంటే నిలబడ్డాడు గానీ, "లోపలికి పోకుండా థియేటరు చూడటమేంట్రా, పెళ్లికెళ్లి పందిరి చూసి వచ్చినట్టు" అన్నాడు. ఆ మాట పట్టుకుంది నన్ను. అప్పట్నుంచి ఈ ఊళ్లో పాత హాళ్లు, వాటి చుట్టుపక్కల పాత బిల్డింగులు ఒక్కొక్కటే లోపలికెళ్లి చూస్తున్నా. ఇప్పుడు తెలిసినవాళ్లందరూ ఎవరైనా వస్తున్నారంటే ఏది చూపించాలని నన్నే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

ముందే నా పక్షం చెప్పేస్తాను. ఒక్కటి చూసే టైమే ఉంటే ఆడిటోరియం థియేటర్. ఇంకో గంట ఉంటే కల్చరల్ సెంటర్, పైసా ఖర్చు లేదు. పిల్లలు వెంట ఉంటే మాత్రం ఆడిటోరియం వదిలేసి షికాగో థియేటర్ టూర్‌కి తీసుకెళ్లండి. సాయంత్రం ఖాళీగా ఉండి సినిమా చూద్దామనుకుంటే మ్యూజిక్ బాక్స్. మిగతావన్నీ ఈ నాలుగింటి తర్వాతే.

ఆడిటోరియమా, షికాగో థియేటరా

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. రెండూ పాతవే, రెండూ పెద్దవే, మధ్య దూరం మైలు కూడా ఉండదు. కానీ రెండింటినీ కట్టించిన ఉద్దేశం వేరు, అది లోపలికెళ్లగానే తెలిసిపోతుంది.

ఆడిటోరియం 1889 డిసెంబరు 9న తెరిచారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వచ్చాడు, ఆ రోజుల్లో ప్రపంచమంతా పేరున్న గాయని అడెలీనా పాటీ పాడింది. 1871లో ఊరు ఊరంతా తగలబడి ఇంకా 20 ఏళ్లు నిండలేదు, మేం లేచి నిలబడ్డాం చూడండి అని తూర్పు తీరం వాళ్లకు చూపించుకోవాలన్న పంతం కూడా ఉంది ఆ కట్టడంలో. కట్టింది డాంక్‌మార్ ఆడ్లర్, లూయీ సలివన్. ఆడ్లర్ ఇంజినీరు, శబ్దం లెక్కలు ఆయనవి. నగిషీలు, రంగులు సలివన్‌వి. వాళ్ల ఆఫీసులో డ్రాయింగులు గీసిన కుర్రాడే తర్వాత అంత పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ లాయిడ్ రైట్. వీళ్లందరి వెనక ఫెర్డినాండ్ పెక్ అనే వ్యాపారి ఉన్నాడు. డబ్బున్నవాళ్లు బాక్సుల్లో కూర్చొని ఒకరినొకరు చూసుకోవడానికి హాలు కట్టకూడదు, చవక టికెట్టు కొన్నవాడికి కూడా స్టేజి కనపడాలి, పాట వినపడాలి అన్నది ఆయన పట్టు. అందుకే బాక్సులు పక్కగోడల దగ్గర కాసిని మాత్రమే ఉంటాయి, మిగతా హాలంతా మామూలు జనానిదే. సీట్లు 3,800 పైచిలుకు.

మైకులు లేని రోజుల్లో అంత హాలు కట్టి ఆఖరి వరస దాకా గొంతు చేర్చడమంటే మాటలు కాదు. స్టేజి నుంచి బయటికొచ్చే కొద్దీ పెద్దవవుతూ పోయే కమానులు పైకప్పు నిండా ఉంటాయి, బంగారు రంగు, వాటి నిండా బల్బులు. కరెంటు దీపం అప్పటికి కొత్త వింత, అందుకే దాన్ని గ్లాసు వెనక దాచకుండా ఉత్త బల్బునే నగలాగా పెట్టారు. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ ఆ కమానుల అసలు పని గొంతుని మోసుకెళ్లడం. మా మామయ్య టూర్‌లో పై బాల్కనీకి వెళ్లినప్పుడు అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఊరకే ఉండలేక మెల్లగా ఒక పద్యం ఎత్తుకున్నాడు, రాగం పూర్తిగా తీయకుండా, గొంతులోనే. కింద ఎక్కడో ఉన్న ఇద్దరు తలెత్తి పైకి చూశారు. ఆయన మొహం చూడాలి. మైకులు రాకముందు నాటకం ఆడినవాడికి ఆఖరి వరసే పరీక్షట, నేలమీద కూర్చున్నవాడు వన్స్‌మోర్ అన్నా, వెనకవాడు కదలకపోతే పాట చేరనట్టే అట. దారంతా అదే చెప్పాడు.

ఈ హాలుకి పడిన కష్టాలు కూడా వినదగినవే. 1929లో ఒపెరా వాళ్లు కొత్తగా కట్టిన సివిక్ ఒపెరా హౌస్‌కి వెళ్లిపోయారు, ఆ వెంటనే మాంద్యం, 1941కల్లా దివాలా. పడగొడదామని లెక్కేస్తే స్థలం విలువ కన్నా పడగొట్టే ఖర్చే ఎక్కువ తేలింది, అలా బతికిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే స్టేజి మీద సైనికుల కాలక్షేపానికి బౌలింగ్ ఆడించారు. 1946లో రూజ్‌వెల్ట్ యూనివర్సిటీ చేతికి వచ్చింది, బాగుచేసి మళ్లీ తెర తీసేసరికి 1967. నడిచేటప్పుడు నేల కొన్నిచోట్ల వాలుగా అనిపిస్తే మీ కాళ్ల తప్పు కాదు. షికాగో కింద మెత్తటి బంకమట్టి. గోడలు ఇటుకతో అనుకొని పునాది లెక్కలు వేసి తర్వాత బరువైన రాయి పెట్టారు, దాంతో కొన్నిచోట్ల రెండడుగుల పైనే కుంగింది.

షికాగో థియేటర్ ఇలా కాదు. 1921 అక్టోబరు 26న తెరిచారు, బాలబన్ అండ్ కాట్జ్ అనే సినిమా హాళ్ల కంపెనీ 40 లక్షల డాలర్లు పోసి కట్టించింది. (ఆంధ్రదేశంలో తొలి సినిమా హాలుగా చెప్పుకునే విజయవాడ మారుతి కూడా 1921దే. ఇక్కడ 3,600 సీట్ల మేడ లేస్తున్నప్పుడే అక్కడ మనవాళ్లూ తెర కట్టారన్నమాట.) ముఖద్వారం పారిస్‌లో ఉన్న విజయతోరణం నమూనా, లాబీ వెర్సాయ్ రాజప్రాసాదంలోని చర్చి నమూనా. మార్బుల్, షాండ్లియర్లు, మహారాజా మెట్లు. సినిమా టికెట్టు కొన్న గుమస్తా కూడా రెండు గంటలు రాజులాగా ఉండాలన్నది వాళ్ల వ్యాపార సూత్రం. ఇంకో సూత్రం చల్లగాలి. ఈ కంపెనీ 1917లోనే తమ వేరే హాల్లో ఏసీ పెట్టేసింది, ఎండాకాలం జనం సినిమా ఏదని చూడకుండా చల్లదనం కోసం వచ్చేవాళ్లు. మన ఊళ్లలో "ఏసీ" అని బోర్డు పెట్టిన హాలుకి మే నెలలో మ్యాట్నీకి వెళ్లినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇది 1985లో మూతపడింది, పడగొడతారన్న మాట కూడా వచ్చింది, మరుసటేడే ఫ్రాంక్ సినాట్రా కచేరీతో మళ్లీ తెరిచారు. ఇప్పుడు కచేరీలు, కామెడీ షోలు. టూర్ విషయంలో ఆడిటోరియం కన్నా ఇదే హుషారుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. స్టేజి మీదికి తీసుకెళ్లి నిలబెడతారు, ఎదురుగా ఖాళీ సీట్ల సముద్రం, పిల్లలు ఆ ఒక్క నిమిషం మర్చిపోరు. తెర వెనక గోడల నిండా అక్కడ ప్రోగ్రాం చేసినవాళ్ల సంతకాలుంటాయి, తెలిసిన పేర్లు వెతుక్కుంటూ అరగంట గడిచిపోతుంది. బయట ముంగిట్లో షికాగో అనే అక్షరాల వెనక వై ఆకారం ఒకటి ఉంటుంది చూడండి, అది నది రెండు పాయలుగా చీలే గుర్తు, ఊరి చిహ్నం. పాత వంతెనల మీద, దీపస్తంభాల మీద కూడా అదే కనపడుతుంది, పిల్లలకి ఆ రోజంతా అదే ఆట.

మరి ఆడిటోరియానికి ఎందుకు ఓటేశానంటే, షికాగో థియేటర్ లోపల అంతా మిఠాయికొట్టు అద్దాల బీరువాలా ఉంటుంది, ఎటు చూసినా మెరుపే, ఏది చూశామో ఇంటికొచ్చాక గుర్తుండదు. పైగా అక్కడున్నదంతా ఇంకో దేశపు రాజభవనానికి నకలు. ఆడిటోరియం దేనికీ నకలు కాదు. నా అభిరుచి ఇది. మా ఆవిడ ఓటు షికాగో థియేటర్‌కే, ఆ మెట్ల మీద ఫోటోలు బాగా వచ్చాయని.

టూర్ మేలా, షో మేలా

వీలైతే షో. అది కూడా పైన చవక సీటు. టూర్‌లో లైట్లన్నీ వేసి ఉన్న ఖాళీ హాలు చూస్తాం, చరిత్ర చెబుతారు, బాగానే ఉంటుంది. కానీ లైట్లు ఆరి, నాలుగువేల మంది గుసగుసలు ఒక్కసారి ఆగి, తెర కదిలే క్షణం టూర్‌లో దొరకదు. టూర్ టికెట్టుకి ఇంకొంచెం కలిపితే కొన్ని షోలకి ఆఖరి బాల్కనీ సీటు వచ్చేస్తుంది, ముందుగా చూసుకుంటే. ఏం షో అన్నది మరీ పట్టించుకోవద్దు, డాన్స్ అయితే ఇంకా మంచిది, భాష అడ్డు రాదు, పెద్దవాళ్లు కూడా విసుక్కోరు. మాటలెక్కువున్న ఇంగ్లిష్ నాటకానికి మాత్రం అమ్మమ్మలను తీసుకెళ్లకండి, గంటన్నర తర్వాత "ఎప్పుడైపోతుందిరా" అని చెవిలో అడుగుతారు.

చిక్కు ఏమిటంటే ఆడిటోరియం పై బాల్కనీ బాగా నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. వాళ్లకి కింద సీటు కొనండి లేదా టూర్‌తో సరిపెట్టండి, టూర్ బుక్ చేసేటప్పుడు లిఫ్టు ఎక్కడిదాకా వెళ్తుందో ఫోన్ చేసి అడగండి. ఇంకోటి, టూర్లు రోజూ ఉండవు, వారంలో కొన్ని రోజులే, షో రిహార్సల్ ఉంటే ఆ రోజు లేపేస్తారు కూడా. ఒకచోట, పేరెందుకులెండి, మేం నలుగురం రైలెక్కి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడితే ఈరోజు టూర్ లేదన్నారు, మెయిల్ పంపామన్నారు, అది స్పామ్‌లో పడి ఉంది. డబ్బు తిరిగొచ్చింది గానీ పోయిన శనివారం రాదుగా. బయల్దేరే ముందురోజు రాత్రి మెయిల్ ఒకసారి చూసుకోండి.

రాండాల్ఫ్ స్ట్రీట్ మీద ఇంకో హాలుంది, ఇప్పటి పేరు నెడర్‌లాండర్, 2019 దాకా ఓరియంటల్. 1926 నాటిది, షికాగో థియేటర్ గీసిన రాప్ అన్నదమ్ముల పనే. దీని లోపల అలంకారమంతా "తూర్పు దేశాలు" అని వాళ్లు ఊహించుకున్నది, ఏనుగు బొమ్మలూ అవీ, అప్పట్లో సీటు చూపించేవాళ్లకి తలపాగాలు కూడా కట్టించారు. మనకు నవ్వొస్తుంది, మన పెళ్లిమండపాల డెకరేషన్ కన్నా ఎక్కువ "ఇండియా" ఉంటుంది. కానీ ఆ స్థలం కథ నవ్వులాట కాదు. అంతకుముందు అక్కడున్నది ఇరాక్వా థియేటర్. తెరిచి ఆరువారాలు కాలేదు, అసలు మంటలే అంటుకోవని ప్రకటనలు వేశారు. 1903 డిసెంబరు 30న మ్యాట్నీ, సెలవులు కాబట్టి తల్లులూ పిల్లలే ఎక్కువ, స్టేజి మీద దీపం నుంచి పరదాకి నిప్పంటుకుంది. మంటని ఆపాల్సిన తెర మధ్యలో ఇరుక్కుపోయింది, కొన్ని తలుపులకు తాళాలు, కొన్ని లోపలికి మాత్రమే తెరుచుకునేవి, జనం ఒత్తిడికి అవి తెరుచుకోలేదు. 602 మంది పోయారు. ఈరోజు చాలా దేశాల్లో సినిమా హాలుకెళ్తే తలుపులు బయటికి తెరుచుకుంటాయి, అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, తోస్తే చాలు. అమెరికాలో ఆ కడ్డీ వాడుకలోకి వచ్చింది ఈ ప్రమాదం తర్వాతే. హాలు వెనక సందులోకి నడిచి ఒక్క నిమిషం నిలబడొచ్చు, టికెట్టు అక్కర్లేదు. లోపలికి మాత్రం ఏదైనా బ్రాడ్వే షో చూసే ఉద్దేశం ఉంటేనే వెళ్లండి, ఆ టికెట్లు చవక కాదు, ఉత్తినే హాలు చూడటానికి అంత పెట్టక్కర్లేదు.

పైసా ఇవ్వకుండా చూసేవి

కల్చరల్ సెంటర్ వదులుకోకండి. 1897లో ఊరి గ్రంథాలయంగా కట్టారు. లోపల మూడో అంతస్తులో టిఫనీ అనే కంపెనీ చేసిన గాజు గుమ్మటం ఉంది, 38 అడుగుల వెడల్పు, దాదాపు 30 వేల గాజుముక్కలు. మెట్ల గోడలకు కూడా రాళ్లూ ముత్యపుచిప్పా పొదిగిన మొజాయిక్. బయట ఎండ మండిపోతున్నప్పుడు లోపల చల్లగా కూర్చోవచ్చు, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, లిఫ్టు ఉంది, కాపలావాళ్లు లేవమనరు. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు ఇవన్నీ గుమ్మటం కన్నా ముఖ్యం, నన్నడిగితే. రాత్రి ఇల్లు చేరాక మా అత్తయ్యగారు అన్నింటిలోకీ ఇదే బాగుందన్నారు, కారణం కుర్చీలు అయ్యుండొచ్చు.

దీనికీ రుకరీ బిల్డింగుకీ మధ్య ఏది అంటే, రోజుని బట్టి. రుకరీ లాసాల్ స్ట్రీట్‌లో ఉంది, 1888 నాటిది, బర్నమ్ అండ్ రూట్ అనే ఆర్కిటెక్టులు కట్టింది, ఇప్పటికీ ఆఫీసులు నడుస్తున్నాయి కాబట్టి శని ఆదివారాలు నమ్ముకోవద్దు, పనిరోజుల్లో వెళ్లండి. బయట నుంచి చూస్తే బరువైన ఎర్రకోటలా ఉండి లోపల అడుగుపెడితే గాజుకప్పు కింద తెల్లటి వెలుతురు. ఆ లాబీని 1905 తర్వాత ఫ్రాంక్ లాయిడ్ రైట్ మళ్లీ దిద్దాడు. ఒక తమాషా: 1871 అగ్నిప్రమాదంలో పుస్తకాలన్నీ పోయాక ఇంగ్లండు నుంచి వేలకొద్దీ పుస్తకాలు దానం వస్తే, వాటిని పెట్టడానికి చోటులేక ఈ స్థలంలో ఉన్న ఖాళీ నీళ్ల ట్యాంకులో పెట్టారు. ఆ పుస్తకాలతో మొదలైన లైబ్రరీకే పాతికేళ్ల తర్వాత కల్చరల్ సెంటర్ కట్టారు. రెండూ ఒకే రోజు చూస్తే ఈ కథ పిల్లలకి చెప్పండి, ట్యాంకులో లైబ్రరీ అనగానే వింటారు.

మొనాడ్‌నాక్ బిల్డింగు రుకరీకి దగ్గరే. 1891లో కట్టిన ఉత్తరం సగం 16 అంతస్తులూ ఇటుక గోడల మీదే నిలబడింది, కింద గోడ మందం ఆరడుగులు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి చూపించండి, మిగతావాళ్లకి పది నిమిషాలు చాలు. స్టేట్ స్ట్రీట్‌లో పాత మార్షల్ ఫీల్డ్స్ షాపు, ఇప్పుడు మేసీస్, అందులో పైకప్పుకి టిఫనీ మొజాయిక్ ఉంది, 16 లక్షల ముక్కలంటారు. షాపింగ్‌కి ఎలాగూ లాక్కెళ్తారు కాబట్టి ఒకసారి తల పైకెత్తండి. ఇక ట్రిబ్యూన్ టవర్ గోడల్లో ప్రపంచంలోని పేరున్న కట్టడాల ముక్కలు పొదిగారు, తాజ్‌మహల్ ముక్క కూడా ఉంది. అది వెతికి చూపిస్తే మనవాళ్లు అక్కడే పావుగంట ఆగిపోతారు, ఎలా ఎత్తుకొచ్చారురా అన్న చర్చతో సహా.

సినిమా చూడాలనుకుంటే

మ్యూజిక్ బాక్స్ 1929లో తెరిచారు, డౌన్‌టౌన్‌లో కాదు, ఉత్తరాన సౌత్‌పోర్ట్ అవెన్యూలో, బ్రౌన్ లైన్ రైలు దిగితే నడిచిపోవచ్చు. పై రెండు హాళ్లతో పోలిస్తే చిన్నది, దాదాపు 700 సీట్లు. పైకప్పు ముదురు నీలం, చుక్కలు మెరుస్తుంటాయి, మబ్బులు కదులుతుంటాయి, పక్కగోడలు ఏదో పాత ఊరి పెరడులా ఉంటాయి, ఆరుబయట కూర్చొని సినిమా చూస్తున్నట్టు. పల్లెటూళ్లో తెర కట్టి వేసిన సినిమా చూసినవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే ముందు ఇక్కడికే తీసుకెళ్లండి. కొన్ని షోల ముందు ఆర్గన్ వాయిస్తారు. 70 ఎంఎం రీలు మీద సినిమాలు ఇప్పటికీ వేసే హాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని, అందులో ఇదొకటి. ఊళ్లో పాత థియేటర్లన్నింటిలో సినిమా టికెట్టు ధరకి లోపల రెండు గంటలు కూర్చునే వీలున్నది నాకు తెలిసి ఇదే, అందుకే డబ్బు తక్కువుంటే, లేదా స్టూడెంట్లయితే, ఆడిటోరియం కన్నా ముందు దీన్నే చెబుతా.

అప్‌టౌన్ థియేటర్ ఫోటోలు చూసి వెళ్దామని కొందరు అడుగుతారు. 1925, 4,381 సీట్లు, షికాగో థియేటర్ కన్నా పెద్దది. 1981లో మూశారు, బాగుచేస్తారన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, తలుపులు మాత్రం తెరుచుకోలేదు. బయట నిలబడి చూడటానికి అంత దూరం వద్దు. బయోగ్రాఫ్ కూడా అంతే, 1934లో జాన్ డిలింజర్ అనే బందిపోటు సినిమా చూసి బయటికొస్తుంటే కాల్చేసిన చోటు. ఆ కథ ఇష్టమైనవాళ్లు తప్ప మిగతావాళ్లకి అక్కడ ఒక బోర్డూ సందూ తప్ప ఏం లేదు.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సంగతి

ఇది థియేటర్ కాదు, కానీ మన పెద్దవాళ్లు అడిగేది ఇదే. వివేకానందుడు 1893 సెప్టెంబరు 11న మాట్లాడింది ఈ ప్రాంగణంలోనే, ముందున్న రోడ్డుకి ఆయన పేరు బోర్డు ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఉపన్యాసం ఇచ్చాడు, పాశ్చాత్య దేశాలకి ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో అక్కడ చెప్పాడు. హైదరాబాద్ వాళ్లతో వెళ్తే ఈ సంగతి గుర్తుచేయండి. అయితే అప్పటి హాలు అలాగే ఉంటుందనుకోవద్దు, అది తాత్కాలికంగా వేసింది, ఇప్పుడు లేదు. ఫుల్లర్టన్ హాల్ దగ్గర ఫలకం ఉంది. ఫలకం ఒక్కదాని కోసం టికెట్టు కొనడం దండగ, మ్యూజియం కూడా చూస్తే కొనండి. 14 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, ఇల్లినాయ్‌లో ఉండేవాళ్లకి ఉచితంగా పంపే రోజులున్నాయి, వారంలో రెండు రోజులు మూసే ఉంటుంది, అది చూసుకొని బయల్దేరండి.

లోపలికి వెళ్తే ఇంకోటి అడిగి చూడండి, పాత స్టాక్ ఎక్స్చేంజ్ ట్రేడింగ్ రూమ్. 1894లో ఆడ్లర్, సలివన్ కట్టిన బిల్డింగుని 1972లో పడగొట్టేశారు, ఆ గది ముక్కలు తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆడిటోరియం చూసొచ్చినవాళ్లకి ఆ రంగులూ ఆ ఆకులూ చూడగానే ఇది అదే చేయి అని తెలిసిపోతుంది. వీళ్లదే గారిక్ థియేటర్ ఒకటి 1961లో కూల్చి కార్ల పార్కింగ్ కట్టారు. అప్పుడు బోర్డు పట్టుకొని వీధిలో నిలబడినవాళ్లలో రిచర్డ్ నికెల్ అనే ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. కూల్చేస్తున్న ప్రతి సలివన్ బిల్డింగులోకీ వెళ్లి ఫోటోలు తీయడం, నగిషీ ముక్కలు మోసుకొచ్చి దాచడం ఆయన పని. 1972లో ఈ స్టాక్ ఎక్స్చేంజ్ శిథిలాల్లోనే మీద కూలిపడి చనిపోయాడు. ఆ బిల్డింగు ద్వారపు కమాను ఒక్కటి మ్యూజియం వెనక మన్రో, కొలంబస్ రోడ్ల మూలన ఆరుబయట ఉంది, టికెట్టు లేకుండా చూడొచ్చు. దాని వెనక ఏ బిల్డింగూ లేదు, ఉత్త ద్వారమే. నేను మాత్రం ఆడిటోరియం చూసిన ప్రతిసారీ అక్కడిదాకా నడుస్తాను.

రెండో రోజు కూడా ఉంటే పుల్మన్‌కి వెళ్లాలా, రైట్ కట్టిన రోబీ హౌస్‌కి వెళ్లాలా అని అడుగుతారు. రోబీ హౌస్ 1910 నాటిది, 2019లో యునెస్కో జాబితాలో చేరింది, అందమైన ఇల్లే గానీ ఇంటికి టికెట్టా అని పెద్దవాళ్లు అంటారు. పుల్మన్ ఫ్రీ. రైలుపెట్టెల కంపెనీ యజమాని కూలీల కోసం 1880లలో కట్టించిన ఊరు, 1894లో జీతాలు కోసి ఇంటద్దెలు మాత్రం తగ్గించకపోతే సమ్మె లేచింది, దేశమంతా రైళ్లు ఆగాయి. రైల్వేలోనో ఫ్యాక్టరీలోనో పనిచేసి రిటైరైన నాన్నలుంటే ఇక్కడికే. మా నాన్న రైల్వే, ఆ క్లాక్ టవర్ కింద రెండు గంటలున్నాడు.

ఇక కారా రైలా అంటే, రైలే. పార్కింగ్‌కి ముందుగా యాప్‌లో బుక్ చేసుకోకపోతే మీ థియేటర్ టికెట్టు కన్నా అదే ఎక్కువవుతుంది. నేపర్‌విల్, అరోరా నుంచి మెట్రా దిగేది యూనియన్ స్టేషన్‌లో, అక్కడినుంచి ఆడిటోరియం నడిస్తే 20 నిమిషాల చిల్లర, పెద్దవాళ్లుంటే ట్యాక్సీ మాట్లాడండి. శని ఆదివారాల్లో రైళ్లు తక్కువ, ఒకటి పోతే గంటపైనే కూర్చోవాలి. అందుకని తిరుగు ప్రయాణంలో కొంచెం ముందే స్టేషన్‌కి చేరి, ప్లాట్‌ఫాం దగ్గర ఇరుకులో నిలబడకుండా గ్రేట్ హాల్లోకి వెళ్లండి. 1925లో కట్టింది, పైన పెద్ద గాజుకప్పు, కింద పొడుగాటి చెక్కబెంచీలు, కాళ్లు చాపుకుని తెచ్చుకున్న పులిహోర తినొచ్చు.